ఎంచుకున్నాక ఇష్టం నిజంగా పెరుగుతుందా? కాగ్నిటివ్ డిసొనెన్స్ ప్రయోగం చేయడం ఎలా

మనస్తత్వశాస్త్రం ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది: కాగ్నిటివ్ డిసొనెన్స్ (ఒకదానితో ఒకటి పొసగని ఆలోచనలు మనసులో రేపే ఇబ్బంది) మీద సొంతంగా ప్రయోగం చేయాలంటే ఏ పద్ధతి పట్టుకోవాలి? అందరి మనసూ ముందు ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్‌ల 1959 నాటి ప్రయోగం మీదికే పోతుంది. విసుగెత్తించే పని చేయించి, అది భలే సరదాగా ఉందని తర్వాత వచ్చేవాళ్ళకు అబద్ధం చెప్పమని కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. చదవడానికి బాగుంటుంది గానీ ప్రాజెక్టుకు పనికిరాదు. ఒక్కొక్కరితో గంటకు పైగా గడపాలి, నటించే మనిషి కావాలి, పాల్గొనేవాళ్ళను బాగా నమ్మించాలి. ఆ ప్రయోగంలోనే 71 మందిలో 11 మంది డేటాను పక్కన పెట్టాల్సి వచ్చింది.

తమ అభిప్రాయానికి విరుద్ధంగా వ్యాసం రాయించే పద్ధతి కాస్త తేలిక. కానీ 39 ల్యాబులు కలిసి 4,898 మందితో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, 'రాయడం మీ ఇష్టం' అని చెప్పి రాయించినవాళ్ళకూ తప్పదన్నట్టు రాయించినవాళ్ళకూ మధ్య సిద్ధాంతం చెప్పిన తేడా (ఇష్టపడి రాసినవాళ్ళ అభిప్రాయమే ఎక్కువ మారాలి) రాలేదు. చిన్న ప్రాజెక్టుతో ఆ గొడవ తేల్చలేరు.

అందుకే ఇక్కడ చెప్పేది ఎంపిక పద్ధతి. జాక్ బ్రెమ్ 1956లో దీన్ని మొదలుపెట్టాడు. కొన్ని వస్తువులకు రేటింగ్ ఇప్పించి, దాదాపు సమానంగా నచ్చిన రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమని, మళ్ళీ రేటింగ్ అడిగాడు. ఎంచుకున్నది కాస్త పైకి, వదిలేసినది కాస్త కిందికి జరిగాయి. వదిలేసినదానిలో ఉన్న మంచి మనసును కెలుకుతుంది, ఆ ఇబ్బంది తగ్గించుకోవడానికి ఇష్టాలే సర్దుకుంటాయి అని దానికి వివరణ. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

అసలు సంగతి ఇంకొకటి. 2010లో చెన్, రైజన్ ఈ పద్ధతిలో పెద్ద చిల్లు చూపించారు. ఇష్టం ఇసుమంత మారకపోయినా, ఎంచుకున్నదానికీ వదిలేసినదానికీ మధ్య పెరిగే ఈ 'ఎడం' లెక్కలో పుట్టుకొస్తుంది. ఎలాగో చూడండి. ఒకరికి ఒక బొమ్మ నిజంగా 6.4 అంత ఇష్టం, ఇంకొకటి 5.6 అంత. రేటింగ్ పూర్ణాంకాల్లోనే కాబట్టి రెండింటికీ 6 ఇచ్చారు. ఎంచుకోమంటే సహజంగా మొదటిదాన్నే తీసుకుంటారు. రెండోసారి రేటింగ్‌లో మొదటిదానికి 7, రెండోదానికి 5 పడ్డాయి. మీరు 'ఎంపిక వల్ల ఇష్టం మారింది' అని రాసేస్తారు. మారిందేమీ లేదు, ఉన్న తేడాయే ఆలస్యంగా బయటపడింది. దీన్ని పట్టుకునే కంట్రోల్ గ్రూపు (పోలిక కోసం పెట్టే గ్రూపు) లేకుండా ఈ ప్రయోగం చేయకండి. కింది అంచెలన్నీ ఆ గ్రూపు చుట్టూనే తిరుగుతాయి.

కావలసినవి

- ఒకే తరహా బొమ్మలు 40. ప్రకృతి దృశ్యాలో, నైరూప్య చిత్రాలో ఏదో ఒకటే తీసుకోండి. మనుషుల ముఖాలు, మత చిహ్నాలు, అందరికీ తెలిసిన చిత్రాలు వద్దు. అన్నీ ఒకే సైజులో ఉండాలి.
- ముందు ఇచ్చిన జవాబులను బట్టి జతలు కట్టగల సాఫ్ట్‌వేర్. సైకోపై, జెఎస్‌సైక్ రెండూ ఉచితం. గూగుల్ ఫారమ్ ఒక్కటే ఈ పని చేయలేదు. దానికి ప్రత్యామ్నాయం 3వ అంచెలో ఉంది.
- నిజంగా ఇవ్వగలిగిన బహుమతి: ఎంచుకున్న బొమ్మల్లో ఒకదాని ప్రింటు.
- సమ్మతి పత్రం, మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి. పాల్గొనేవాళ్ళు మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి కూడా.
- ఒక్కొక్కరికీ అరగంట సమయం.

ఎంతమంది కావాలి? రెండు గ్రూపులను పోల్చేటప్పుడు, 0.05 స్థాయిలో (లేని తేడాను ఉందనుకునే ప్రమాదం 5 శాతం), 80 శాతం పవర్‌తో (ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం) మధ్యస్థ ప్రభావాన్ని, అంటే కోహెన్ డి (సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగించిన విలువ) 0.5ను పట్టుకోవాలంటే గ్రూపుకు 64 మంది. 0.3 అయితే 176 మంది. 0.2 అయితే 394 మంది. గ్రూపుకు 15 మందితో చేసి 'తేడా లేదు' అని రాసిన రిపోర్టుకు విలువ లేదు. అంతమందిని పోగుచేయలేకపోతే ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి ఒకే ప్రయోగం చేయడం మేలు.

అంచెలు

1. ముందు ఉత్తుత్తి డేటాతో లెక్క చేసి చూడండి. దీన్ని దాటేసేవాళ్ళే ఎక్కువ. స్ప్రెడ్‌షీట్‌లో 50,000 వరసలు తీసుకోండి. ఒక్కో వరసలో రెండు బొమ్మలు. ఒక్కో బొమ్మకు 'అసలు ఇష్టం' అని సగటు 0, ప్రామాణిక విచలనం 1 ఉన్న ర్యాండమ్ సంఖ్య ఇవ్వండి. మొదటి రేటింగ్, రెండో రేటింగ్, ఎంపిక విలువ — ఈ మూడూ రావడానికి అసలు ఇష్టానికి, అంతే విచలనం ఉన్న వేరువేరు ర్యాండమ్ 'పొరపాటు' సంఖ్యలను కలపండి. మొదటి రేటింగుల తేడా 0.1 లోపు ఉన్న వరసలను మాత్రమే ఉంచండి. సుమారు 2,000 మిగులుతాయి. ఎంపిక విలువ ఎక్కువ ఉన్న బొమ్మను ఎంచుకున్నట్టు లెక్కేసి, రెండో రేటింగ్‌లో దానికీ వదిలేసినదానికీ ఎంత ఎడం వచ్చిందో సగటు తీయండి. 0.46 చుట్టూ వస్తుంది. ఈ లెక్కలో ఎవరి ఇష్టమూ మారలేదని గుర్తుంచుకోండి. సున్నా వచ్చిందంటే మూడు పొరపాట్లకూ ఒకే ర్యాండమ్ సంఖ్య వాడుంటారు, లేదా వరసల వడపోత తప్పి ఉంటుంది.

2. రెండు గ్రూపులు చేయండి. మొదటి గ్రూపు: రేటింగ్, ఎంపిక, రేటింగ్. రెండో గ్రూపు: రేటింగ్, రేటింగ్, ఎంపిక. ఇదే కంట్రోల్ గ్రూపు. రెండో గ్రూపులో ఎంపిక చివర్లో జరుగుతుంది కాబట్టి రేటింగులను అది మార్చే అవకాశమే లేదు. అక్కడ వచ్చే ఎడం అంతా లెక్క తెచ్చిపెట్టినదే. మొదటి గ్రూపు ఎడంలోంచి దీన్ని తీసేస్తే మిగిలేదే ఎంపిక ప్రభావం.

ఎవరు ఏ గ్రూపులోకి వెళ్ళాలో సాఫ్ట్‌వేరే లాటరీ తీయాలి. పొద్దున వచ్చినవాళ్ళు ఒక గ్రూపు, సాయంత్రం వచ్చినవాళ్ళు ఇంకో గ్రూపు అంటే కుదరదు.

3. మొదటి రేటింగ్, జతలు. 40 బొమ్మలను ఒక్కొక్కరికీ వేరే వరసలో చూపించి 1 నుంచి 9 వరకు రేటింగ్ ఇప్పించండి. ఎంపిక సంగతి ఈ దశలో ఏ గ్రూపుకూ చెప్పకండి. మధ్యలో ఎక్కడో ఒకచోట 'ఈ బొమ్మకు 2 నొక్కండి' అని పెడితే చదవకుండా నొక్కేవాళ్ళు దొరికిపోతారు.

తర్వాత 5, 6, 7 రేటింగ్ పొందిన బొమ్మల్లోంచి సరిగ్గా ఒకే రేటింగ్ ఉన్నవాటిని జతచేసి 8 కష్టమైన జతలు కట్టండి. తేడా 3 లేదా అంతకు మించి ఉన్నవాటితో 4 తేలిక జతలు. ఒక బొమ్మ ఒక్క జతలోనే ఉండాలి. రెండు జతల్లో ఉంటే ఒకచోట నెగ్గి ఇంకోచోట వదులుకున్నది అవుతుంది, లెక్క చెడుతుంది. ఒకరి రేటింగుల్లో 5 కష్టమైన జతలైనా రాకపోతే వాళ్ళ డేటా పక్కన పెట్టండి. ఇది ఎంపికకు ముందే తేలిపోయే నియమం కాబట్టి ప్రమాదం లేదు.

రెండు గ్రూపుల్లోనూ జతలు మొదటి రేటింగ్‌తోనే కట్టాలి. రెండో గ్రూపులో ఎంపికకు ముందు తాజా రేటింగ్ చేతిలో ఉంటుంది కదా అని దానితో కట్టారంటే, కంట్రోల్ గ్రూపులో ఎడం మైనస్‌లోకి పోతుంది. ప్రయోగం మొత్తాన్ని నిశ్శబ్దంగా పాడుచేసే తప్పు ఇదే. మొదటి గ్రూపులో ప్రభావం ఉన్నట్టే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

సాఫ్ట్‌వేర్ రాకపోతే: రెండు రోజుల్లో చేయండి. మొదటి రోజు ఫారమ్‌లో రేటింగ్ తీసుకుని, ఆ రాత్రి జతలు కట్టుకుని, రెండో రోజు మిగతాది జరపండి. రెండు గ్రూపులకూ మధ్య వ్యవధి ఒకటే ఉండాలి.

4. ఎంపిక. 12 జతలను కలగలిపి, ఒక్కో జతా చూపించి ఒకటి ఎంచుకోమనండి. ఏ బొమ్మ ఎడమవైపు రావాలో లాటరీయే. 'మీరు ఎంచుకున్నవాటిలోంచి ఒకదాని ప్రింటు మీకు ఇస్తాం' అని చెప్పండి, చివర్లో తప్పకుండా ఇవ్వండి. ఊరికే ఊహించుకుని చెప్పమంటే వదులుకున్నదేమీ ఉండదు, మనసు కెలకదు. 'రెండూ సమానమే' అనే బటన్ పెట్టకండి.

5. రెండు గ్రూపుల సమయాన్ని, చూపును సమానం చేయండి. మొదటి గ్రూపు రెండు రేటింగుల మధ్య ఆ జతలను ఇంకోసారి చూస్తుంది, రెండో గ్రూపు చూడదు. అందుకని రెండో గ్రూపుకు అదే చోట అవే జతలు చూపించి, ఇష్టంతో సంబంధం లేని ప్రశ్న అడగండి: 'వీటిలో నీలం రంగు ఎక్కువ ఉన్నది ఏది?' ఇదే నీలం ప్రశ్నను మొదటి గ్రూపుకు రెండో రేటింగ్ తర్వాత అడిగితే ఇద్దరి పనీ సమానమవుతుంది. పదే పదే చూస్తే ఇష్టం పెరుగుతుందన్నది జయాన్స్ 1968 నుంచి తెలిసిన సంగతే. ఆ పెరుగుదల జతలో రెండు బొమ్మలకూ ఒకేలా ఉంటే ఎడంలో కొట్టేసుకుపోతుంది. అయినా ఈ జాగ్రత్త ఖర్చులేనిది.

రెండో గ్రూపులో రెండో రేటింగ్ అయిన వెంటనే ఎంపిక పెట్టకండి, మూడు నాలుగు నిమిషాలు కూడికలో తీసివేతలో చేయించండి. ఇప్పుడే ఇచ్చిన రేటింగ్ ప్రభావం ఎంపికపై పడితే కంట్రోల్ ఎడం పెరిగి, అసలు ప్రభావం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. మొదటి గ్రూపులోనూ మొదటి రేటింగుకూ ఎంపికకూ మధ్య అంతే విరామం ఇవ్వండి.

6. భావోద్వేగం కొలవాలనుకుంటే ఇక్కడే. ఇది ఐచ్ఛికం, కానీ మంచి ప్రాజెక్టుకూ మామూలు ప్రాజెక్టుకూ తేడా తరచుగా ఇక్కడే వస్తుంది. ఎలియట్, డివైన్ 1994లో డిసొనెన్స్ ఇబ్బందిని మూడు మాటలతో కొలిచారు. తెలుగులో వాటికి దగ్గరగా 'అసౌకర్యంగా ఉంది', 'మనసు కుదురుగా లేదు', 'ఏదో కెలుకుతున్నట్టుంది' అని పెట్టుకోవచ్చు. ఒక్కోదానికీ 1 నుంచి 7. ఉత్సాహం, ప్రశాంతత, అలసట లాంటి మరో ఐదారు మాటల మధ్య వీటిని కలిపేయండి, లేకపోతే మీరు ఏం వెతుకుతున్నారో తెలిసిపోతుంది.

ఈ ప్రశ్నలు ఎంపిక అయిన వెంటనే, రెండో రేటింగ్‌కు ముందు రావాలి. వాళ్ళ ప్రయోగంలో ఇబ్బంది ముందే అడిగితే ఎక్కువగా కనిపించింది. అభిప్రాయం చెప్పించాక అడిగితే ఆ పెరుగుదల కనిపించలేదు. అంటే చివర్లో అడిగితే మీకు దొరికేది చల్లారిన పొయ్యే. కంట్రోల్ గ్రూపుకు నీలం ప్రశ్న తర్వాత ఇవే అడగండి.

మాటలు మీరే అనువదించుకుంటే, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి సరిపోల్చుకోండి. 'బాధగా ఉంది' అని పెట్టకండి, అది దుఃఖం వైపు వెళ్ళిపోతుంది.

7. రెండో రేటింగ్. మళ్ళీ 40 బొమ్మలు, కొత్త వరస. 'ఇందాక ఎంత ఇచ్చారో గుర్తు తెచ్చుకోవద్దు, ఇప్పుడు ఎలా అనిపిస్తే అలా ఇవ్వండి' అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే చాలామంది పాత అంకెనే ఒప్పజెబుతారు, పరీక్షలో మాట మార్చకూడదన్నట్టు. ఏది ఎంచుకున్నారో ఈ దశలో తెరమీద చూపించకండి. చూపిస్తే మీరు ఏం ఆశిస్తున్నారో చెప్పినట్టే.

8. డీబ్రీఫింగ్. ముందు ఒక ఖాళీ ప్రశ్న: 'ఈ ప్రయోగం దేని గురించి అనుకుంటున్నారు?' తర్వాత అసలు ఉద్దేశం, ఎంపిక గురించి ముందే ఎందుకు చెప్పలేదో వివరించండి, ప్రింటు ఇవ్వండి, డేటా వెనక్కి తీసుకునే హక్కు గుర్తుచేయండి. డేటా ఫైల్లో పేర్లు వద్దు, కోడ్ నంబరు చాలు. బయట మాట్లాడవద్దని మర్యాదగా అడగండి. ఒకే తరగతి వాళ్ళయితే కబురు పాకడానికి ఒక పూట చాలు కాబట్టి, వీలైతే అందరినీ ఒకటి రెండు రోజుల్లో ముగించండి.

9. లెక్క. ఒక్కో కష్టమైన జతకు:

ఎడం = (ఎంచుకున్నదాని రెండో రేటింగ్ − మొదటి రేటింగ్) + (వదిలేసినదాని మొదటి రేటింగ్ − రెండో రేటింగ్)

రెండూ 6తో మొదలై, ఎంచుకున్నది 7కు, వదిలేసినది 5కు వెళ్తే ఎడం 2. ఒక మనిషి జతలన్నింటి సగటు తీసి, మనిషికి ఒకే అంకె ఉంచండి. 128 మంది, 8 జతలు కలిపి 1,024 కొలతలు ఉన్నాయని ఆ మొత్తాన్నీ టి-టెస్టులో (రెండు సగటుల తేడా యాదృచ్ఛికమా అని చూసే పరీక్ష) పెట్టేస్తే, ఒకే మనిషి జవాబులను విడివిడి మనుషులవిగా లెక్కేసినట్టు. అలా వచ్చిన పి విలువను (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) నమ్మకండి.

ఇప్పుడు రెండు గ్రూపుల సగటు ఎడాలను వెల్చ్ టి-టెస్టుతో పోల్చండి. సగటు తేడా, దాని 95 శాతం విశ్వాస అవధి (అసలు తేడా ఉండగల హద్దుల అంచనా) రెండూ రాయండి. మొదటి గ్రూపు ఎడం సున్నాకంటే ఎక్కువా అని మాత్రమే చూసి ఆపేయడం 2010కి ముందు చేసిన తప్పే.

ఎవరి డేటా తీసేయాలి, ఏ టెస్టు చేయాలి అన్నవి డేటా రాకముందే తేదీతో రాసి పెట్టుకోండి. ఓఎస్‌ఎఫ్‌లో (పరిశోధన ప్రణాళికలు ముందుగా నమోదు చేసుకునే వెబ్‌సైటు) నమోదు చేస్తే ఇంకా మంచిది. చివర్లో చేరే నియమాలు ఎప్పుడూ మనకు కావలసిన జవాబు వైపే వంగుతాయి.

ఫలితం సరిగ్గానే ఉందా? ఇలా చూసుకోండి

కంట్రోల్ గ్రూపు ఎడం మామూలుగా సున్నాకంటే పైన ఉండాలి. మైనస్‌లో ఉంటే జతలు రెండో రేటింగ్‌తో కట్టారేమో చూడండి. అది కాకపోతే ఎడమ, కుడి బొమ్మల కోడ్ తారుమారై ఉంటుంది. ఒక మనిషి డేటా తీసుకుని చేత్తో కాగితం మీద లెక్కేస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

తేలిక జతల్లో ఎక్కువమంది ఎక్కువ రేటింగ్ ఉన్న బొమ్మనే ఎంచుకోవాలి. సగం సగంగా వస్తే రేటింగులకు అర్థం లేదు, లేదా బొమ్మలు తప్పు ఫైళ్ళతో ముడిపడ్డాయి. ఈ రెండోది అనుకున్నదానికంటే తరచుగా జరుగుతుంది.

మొదటి, రెండో రేటింగులు ఒక్కో మనిషిలో గట్టిగా కలిసి నడవాలి. మొత్తం 40కి అచ్చు అవే అంకెలు వచ్చినా అనుమానించాల్సిందే, గుర్తుపెట్టుకుని ఇచ్చారన్నమాట.

ఈ తనిఖీలన్నీ ముందుగా అయిదారుగురితో ట్రయల్ చేసినప్పుడే చూసుకోండి. వాళ్ళ డేటా అసలు లెక్కలోకి రాకూడదు.

ఎక్కువగా దొర్లే ఇంకొన్ని తప్పులు

'విచిత్రంగా ఎంచుకున్నారు' అని కొందరిని తీసేయడం ఒకటి. ఎంపికను బట్టి మనుషులను ఏరితే లాటరీతో సమానం చేసిన గ్రూపులు మళ్ళీ అసమానం అవుతాయి. తీసివేతకు కారణం ఎంపికకు ముందు జరిగినదై ఉండాలి, లేదా ఎంపికతో సంబంధం లేనిదై ఉండాలి.

కంప్యూటర్లు లేక కార్డులతో చేసేవాళ్ళు 15 బొమ్మలకు ర్యాంకులు ఇప్పించి, 7వ, 9వ ర్యాంకుల మధ్య ఎంచుకోమనవచ్చు. ఇది పాత పద్ధతే, పనిచేస్తుంది. కాకపోతే మనిషికి ఒక్క జతే దొరుకుతుంది కాబట్టి కొలతలో గందరగోళం ఎక్కువ, మనుషులు ఎక్కువ కావాలి. ర్యాంకుల్లో చిన్న అంకె అంటే ఎక్కువ ఇష్టం. పై సూత్రంలో గుర్తులు తిరగేయడం మర్చిపోతే ఫలితం తలకిందులవుతుంది. కంట్రోల్ గ్రూపు ఇక్కడా తప్పనిసరి.

రిపోర్టులో ఏం రాయవచ్చు, ఏం రాయకూడదు

రెండు గ్రూపుల మధ్య తేడా వచ్చి, ఇబ్బంది స్కోరు కూడా ఎంపిక చేసిన గ్రూపులో ఎక్కువగా ఉంటే, డిసొనెన్స్ వివరణకు ఇది అనుకూలం అని రాయండి. 'నిరూపించాం' అని కాదు.

ఎడంలో తేడా ఉంది, ఇబ్బందిలో లేదు అంటే జాగ్రత్త. 'నేను దీన్ని ఎంచుకున్నానంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టమన్నమాట' అని మనిషి తన పనిని చూసి తన ఇష్టాన్ని ఊహించుకుంటాడన్న డారిల్ బెమ్ 1967 నాటి వివరణ కూడా ఈ ఫలితానికి సరిపోతుంది. అందులో ఇబ్బందికి చోటే లేదు. రెండు వివరణలూ రాయండి.

తేడా అవధి సున్నాను కలుపుకుని ఉంటే, 'ఈ సంఖ్యలో మనుషులతో తేడా కనిపించలేదు' అని రాసి, ఆ అవధి ఎక్కడ నుంచి ఎక్కడ దాకా ఉందో ఇవ్వండి. −0.1 నుంచి 0.1 దాకా అయితే పెద్ద ప్రభావం లేదని చెప్పుకోవచ్చు. −0.6 నుంచి 0.9 దాకా అయితే మీ ప్రయోగం ఏ వైపూ ఏమీ చెప్పలేదు, అదే రాయండి.